ముసురు పట్టిన వారం, ఇంట్లో చదవడానికి ఏమీ లేక

గోదావరి డెల్టాలో పుస్తకాల కరువు వేసవిలో రాదు. వేసవిలో బస్సెక్కి రాజమండ్రో భీమవరమో వెళ్లి తెచ్చుకోవచ్చు. అసలు కరువు శ్రావణ భాద్రపదాల్లో. ముసురు పడుతుంది, ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వస్తుంది, నది మధ్య ఉన్న లంక ఊళ్ల కాజ్‌వేలు మునుగుతాయి, కరెంటు ఎప్పుడొస్తుందో లైన్‌మన్‌కే తెలీదు. సరిగ్గా అప్పుడే చేతిలో ఉన్న నవల ఆఖరి పేజీ వచ్చేస్తుంది. ఇలాంటి వారాలు చాలా గడిపాక ఏది ఎంతసేపు నిలుస్తుందో ఒక లెక్క కుదిరింది. ఆ లెక్కే ఇక్కడ చెబుతున్నాను.

మొదటి గంటలో దాదాపు అందరం చేసే తప్పు ఒకటుంది. బీరువాలోంచి బాగా ఇష్టమైన నవల తీసి, నచ్చిన ఘట్టాలు ఏరుకుని చదవడం. రెండు గంటల్లో అది అయిపోతుంది, వచ్చే ఏడాదికి కూడా పనికిరాకుండా పోతుంది. మళ్లీ చదవడం మంచి పనే, కానీ దాన్ని మూడో రోజుకు దాచుకోవాలి, అదీ మొదటి పేజీ నుంచి వరసగా.

చదివేవాటిని నేను మింగేవీ నమిలేవీ అని రెండుగా చూస్తాను. రెండొందల పేజీల మామూలు నవల మింగుడు సరుకు, నాలుగు గంటలకు మించి నిలవదు. కరువులో కావలసింది నమిలే సరుకు. అది డెల్టాలో ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, కాకపోతే మేకుకు వేలాడుతూనో ట్రంకు పెట్టె అడుగునో ఉంటుంది కాబట్టి మన కంటికి పుస్తకంలా కనబడదు.

మేకుకు వేలాడేది పంచాంగం. ఉగాదినాడు మన రాశి చూసుకుని వదిలేస్తాం. ముసుర్లో దాన్ని పెన్సిలు పట్టుకుని చదవాలి. విశ్వావసు (2025-26) పంచాంగంలో ఆదాయ వ్యయాల పట్టిక తీయండి. మేషానికి ఆదాయం 2, వ్యయం 14. కిందికి వెళ్తే వృశ్చికానికీ 2, 14. వృషభానికి 11, 5. తులకూ అంతే. మిథునానికీ కన్యకూ 14, 2. ధనుస్సుకూ మీనానికీ 5, 5. మకరానికీ కుంభానికీ 8, 14. రెండేసి రాశులకు ఒకటే లెక్క ఎందుకొచ్చిందంటే ఆ రెండింటికీ అధిపతి ఒకడే. మేష వృశ్చికాలకు కుజుడు, వృషభ తులలకు శుక్రుడు, మిథున కన్యలకు బుధుడు, ధనుర్మీనాలకు గురువు, మకర కుంభాలకు శని. చంద్రుడి కర్కాటకం, సూర్యుడి సింహం మాత్రం జోడీ లేనివి. పైగా పట్టిక మొత్తంలో 2, 5, 8, 11, 14 తప్ప ఇంకో అంకె కనబడదు. అన్నీ మూడేసి మెట్లు.

తర్వాత రాజపూజ్యం (ఆ ఏడు దక్కే గౌరవం) వరస చూడండి. మేషం నుంచి మీనం దాకా 5, 1, 4, 7, 3, 6, 2, 5, 1, 4, 7, 3. ముందున్న అంకెకు మూడు కలపాలి, ఏడు దాటితే ఏడు తీసేయాలి. అంతే సూత్రం. అంతకుముందు క్రోధి (2024-25) పంచాంగంలో మేషం 4తో మొదలై 7, 3, 6, 2 అని ఇదే నడక నడుస్తుంది. అవమానం వరసకు కూడా ఇలాంటి నడకే ఉంది, కాకపోతే ఒక్కో అంకె ఒకటికి మించి రాశుల దగ్గర ఆగుతుంది. దాన్ని ఎవరికి వారు పట్టుకుంటేనే మజా. మీ ఇంట్లో ఉన్నది వేరే సిద్ధాంతిగారిది అయితే అంకెలు మారొచ్చు గానీ నడక చూడండి. నడక తెలిశాక అచ్చుతప్పు ఎక్కడున్నా ఇట్టే దొరికిపోతుంది. జాతకం మీద నమ్మకం ఉన్నా లేకపోయినా ఇదొక సాయంత్రం పని.

రెండో సాయంత్రానికి పక్కింటి పంచాంగం కూడా తెప్పించుకోండి. ఒకటి దృగ్గణితం (ఆకాశంలో గ్రహాలు నిజంగా ఉన్న చోటును బట్టి వేసిన లెక్క), ఇంకొకటి పూర్వపద్ధతి (పాత సిద్ధాంత గ్రంథాల లెక్క) అయితే మరీ మంచిది. ఒకే రోజు తిథి అంతమయ్యే వేళ రెండింటిలో ఎంత తేడా ఉందో ఒక నెలంతా వరసగా రాసుకుంటూ పోతే, పండగ ఏరోజు అని ఊళ్లో ఏటా జరిగే గొడవ ఎక్కడ పుడుతుందో తెలుస్తుంది. అటక మీద అట్ట చిరిగిన పాత పంచాంగం దొరికి, ఏడాది అంకె లేకుండా పేరు మాత్రం మిగిలితే అరవయ్యేళ్ల చక్రం వాడాలి. 1987-88 ప్రభవ, అక్కణ్ణుంచి లెక్క. విశ్వావసు అని ఉంటే అది 2025దో 1965దో అయి ఉండాలి. కాగితం రంగే చెబుతుంది ఏదో.

పంచాంగం తర్వాత నా ఓటు దస్తావేజులకే. నాలుగు పేజీల పాత క్రయ దస్తావేజు ఒక పూట నిలుస్తుంది. గొలుసుకట్టు రాత, విరామ చిహ్నం ఉండదు, వాక్యం మొదటి పేజీలో మొదలై మూడో పేజీలో తేలుతుంది. ముందు చివరికి వెళ్లి చెక్కుబందీ, అంటే హద్దుల వివరం, చదవాలి. తూర్పు ఫలానా వారి భూమి, దక్షిణం పంట బోదె (చిన్న కాలువ), పడమర పుంత (పొలాల మధ్య బండి దారి), ఉత్తరం చెరువు గట్టు. ఇలా నాలుగు హద్దులు దొరికితే తెల్లకాగితం మీద చిన్న పటం గీసుకోవచ్చు. పక్క పొలం దస్తావేజు కూడా ఆ సంచిలోనే ఉంటే రెండు పటాలూ కలిపి చూడాలి. ఇప్పుడు సిమెంటు రోడ్డయిన పుంత ఎక్కడ వంకర తిరిగేదో, పూడ్చేసిన బోదె ఎటు పారేదో బయటపడుతుంది. డబ్బు లెక్క 350-0-0 అని మూడు ముక్కలుగా ఉంటే అది రూపాయలు, అణాలు, పైలు (‘పై’ అనే పాత చిల్లర). అణాకు పన్నెండు పైలు, రూపాయికి పదహారణాలు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాకే వందల లెక్క మొదలైంది. అందుకని తేదీ చెరిగిపోయినా డబ్బు రాసిన తీరు బట్టి అటో ఇటో చెప్పొచ్చు. ఇంకా పాతవాటిలో తెలుగు అంకెలుంటాయి. ౩, ౬ దగ్గర కొత్తవాళ్లు తడబడతారు. ఒక ముక్క మీద ౧ నుంచి ౯ దాకా రాసి పక్కన పెట్టుకుంటే సరి.

జాగ్రత్తలు రెండు. ముసుర్లో కాగితం మెత్తబడి ఉంటుంది, మడత విప్పేటప్పుడు మడత దగ్గరే తెగుతుంది. బల్ల మీద పరిచి రెండు చేతులతో విప్పాలి, తెగితే సెల్లోటేపు వేయకూడదు. కొన్నేళ్లకు ఆ టేపు ఊడిపోతుంది, దాని పసుపు మరక మాత్రం అక్షరాల మీద ఉండిపోతుంది. రెండోది, దస్తావేజుల సంచి ఎందుకు తీశారో ఇంట్లో అందరికీ ముందే చెప్పండి. ‘చదువుకోడానికండి’ అంటే అన్నదమ్ములెవరూ నమ్మరు.

పొట్లం కాగితం గురించి చెప్పని చదువరి లేడు కాబట్టి ఒక్క మాట. అది ఆకలి పెంచుతుందే తప్ప తీర్చదు. కథ సగంలో నూనె మరక వస్తుంది. దానికన్నా పురుగుమందు డబ్బాతో వచ్చే కరపత్రం మేలు. ఒకే సంగతి ఏడెనిమిది భాషల్లో ఉంటుంది. తెలుగునూ కన్నడాన్నీ పక్కపక్కన పెట్టి చదివితే ఒక పూటలో కన్నడ లిపి సగం వచ్చేస్తుంది. డబ్బా మీది వజ్రాకారపు గుర్తులో ఎరుపు అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. మీద పడితే చదవడానికి ఎవరూ మిగలరు కాబట్టి కరపత్రం మాత్రమే ఇంట్లోకి తీసుకురండి, డబ్బా పశువుల పాకలోనే ఉండనీయండి. యూరియా బస్తా అయితే నిమిషం సరుకు. 46 శాతం నత్రజని, 45 కిలోలు. ఇంట్లో 50 కిలోలని ఉన్న ఖాళీ బస్తా ఉంటే అది 2018కి ముందుది.

ఇక అటక. వారపత్రికల్లోంచి చించి దాచిన సీరియల్ కాగితాలు చాలా ఇళ్లలో ఇంకా ఉన్నాయి. అమ్మమ్మో పెద్దత్తయ్యో ట్వయిన్ దారంతో కట్టి పెట్టినవి. ఊరికే చదివితే ఇవీ మింగుడు సరుకే. బైండు చేస్తూ చదివితే మూడు రోజులొస్తాయి. నా మటుకు నాకు కరువులో ఇంతకన్నా మంచి పని లేదు.

ముందు వరస పెట్టాలి. వారానికి నాలుగు పేజీల చొప్పున ముప్ఫై వారాల సీరియల్ అంటే 120 పేజీలు, 60 కాగితాలు. పేజీ అంకెను నమ్మకూడదు, అది ఆ సంచికలోని పేజీ. ‘జరిగిన కథ’ చదివి వరస సరిచూసుకోవాలి. అక్కడే తప్పిపోయిన వారం బయటపడుతుంది. తప్పిన చోట ఒక తెల్లకాగితం పెట్టండి, ఎప్పటికైనా దొరికితే అతికించుకోవచ్చు. పిన్నులన్నీ తీసేయాలి, మన గాలి తేమకు అవి తుప్పుపట్టి చుట్టూ కాగితాన్ని తినేస్తాయి. గోరుతో లాగితే చిరుగుతుంది. వెనక వైపు కాళ్లు చాకు మొనతో లేపి, ముందు నుంచి తీయాలి.

జిగురుకు మైదా ఒక గరిటె, నీళ్లు ఐదు గరిటెలు. ముందు కొద్ది చన్నీళ్లలో ఉండ కట్టకుండా కలిపి, మిగతా నీళ్లు పోసి, సన్నని సెగ మీద తిప్పుతూ ఉడికించాలి. తెల్లగా ఉన్నది పారదర్శకంగా మారి గరిటెకు పట్టుకున్నప్పుడు దించాలి. దించాక చిటికెడు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) పొడి కలపాలి. అది లేకపోతే వానాకాలంలో రెండో రోజుకే బూజు, ఆనక పుస్తకాల పురుగు. మైలుతుత్తం విషం, ఆ గిన్నె మళ్లీ వంటకు వాడకూడదు, పిల్లలకు అందకూడదు.

చించిన కాగితాలు విడి ఆకులు కాబట్టి మడత మీద కుట్టు పడదు. అంచు కుట్టే వేయాలి. చాలామంది బైండ్లు చెడేది ఇక్కడే. అంచు నుంచి సెంటీమీటరు లోపలికి కుట్టేసరికి లోపలి వరసలో చివరి మాటలు కుట్టులో పోతాయి, పుస్తకం చేత్తో నొక్కి పట్టుకుంటే తప్ప చదవలేం. దీనికి విరుగుడు పట్టీ. అంగుళం వెడల్పు పల్చని కాగితం పట్టీలు కోసి, ప్రతి ఆకు లోపలి అంచుకూ మూడో వంతు అతికించి, మిగతాది బయటికి వదలాలి. కుట్టు ఆ పట్టీ మీదే పడుతుంది. అరవై ఆకులకు అరవై పట్టీలు. అతికిస్తూ అటూ ఇటూ చదువుకుంటూ పోతే ఒక రోజు గడిచిపోతుంది. తర్వాత కట్టను నేల మీద తట్టి అంచులు సమం చేసి, దబ్బనంతో ఐదు కన్నాలు పొడిచి, మైనం రాసిన నూలు దారం నడిమి కన్నంలోంచి మొదలుపెట్టి మళ్లీ నడిమి కన్నంలోనే ముడి వేయాలి. పాత నోటు పుస్తకం అట్టలు, వీపుకు పాత లుంగీ గుడ్డ చాలు. సన్నికల్లు కింద పెట్టి మామూలు రోజుల్లో ఒక రాత్రి, ముసుర్లో రెండు రాత్రులు వదిలేయాలి. తొందరపడి తీస్తే అట్ట కొబ్బరి ఆకులా వంగిపోతుంది, మళ్లీ నిలవదు.

వాన తెరిపిస్తే ఊళ్లోకి. పుస్తకాలు ఎరువు అడగడానికి వేళ ఉంది. పొద్దున్నే కాదు, మధ్యాహ్నం భోజనాలయ్యాక. ‘పిన్నిగారూ, మీ దగ్గర చదివేసినవేమైనా ఉన్నాయాండీ’ అని అడగండి. ‘పుస్తకాలున్నాయా’ అంటే లేవంటారు. చదివేసినవి అంటే ఆయ్, ఉన్నాయండి అంటూ మంచం కింద నుంచి లాగుతారు. తెచ్చిన రోజే అట్ట వేసి ఇవ్వాల్సిన తేదీ లోపల రాసుకోండి. అట్ట వేసి తిరిగిచ్చినవాళ్లకు రెండోసారి అడక్కుండానే ఇస్తారు.

శాఖా గ్రంథాలయానికి పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు తీసి ఉంటుందనీ శుక్రవారం సెలవనీ గుర్తుపెట్టుకుంటే సగం నిరాశ తప్పుతుంది. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కింద కడుతున్నాం కాబట్టి మొహమాటం అక్కర్లేదు. అక్కడ అందరూ నవలల బీరువా దగ్గరే నిలబడతారు. అంకెలు తెలిస్తే అన్ని బీరువాలూ మనవే. పుస్తకాలకు విషయాన్ని బట్టి అంకెలిచ్చే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం 894.827. దాని పక్కన 1 వస్తే కవిత్వం, 2 నాటకం, 3 కథలూ నవలలూ, 4 వ్యాసాలు. నవలలు అరిగిపోయి ఉంటాయి, నాటకాలు ముట్టుకున్నవాళ్లు ఉండరు. 910 ప్రాంతంలో యాత్రలు, 920లో జీవితచరిత్రలు, 954.84లో ఆంధ్రదేశ చరిత్ర. అరల్లో వరస తప్పి ఉంటే యాక్సెషన్ రిజిస్టరు చూడనివ్వమని అడగండి. వచ్చిన ప్రతి పుస్తకం వచ్చిన వరసలో అందులో రాసి ఉంటుంది, మన ఊరి లైబ్రరీలో ఏమేముందో అప్పుడు తెలుస్తుంది. పాతవి కావాలంటే రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం ఉంది. భీమవరం వైపు వాళ్లకు కుముదవల్లిలో 1897 నాటి వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయం ఉంది. అలాంటి చోటికి పేరు, రచయిత, అచ్చయిన కాలం చీటీ మీద రాసుకుని వెళ్లాలి. ‘ఏదైనా పాతది’ అంటే వాళ్లు మాత్రం ఏం తీస్తారు?

కొనుక్కోవాలంటే నేను కొత్త పుస్తకాల షాపుకన్నా పాత పేపర్ల కొట్టుకే వెళ్తాను. అక్కడికి సరుకు రెండు సీజన్లలో వస్తుంది. భోగికి ముందు ఇళ్లు దులిపే పది రోజులు, పరీక్షలయ్యాక మే నెల. మే సరుకంతా గైడ్లు. భోగి సరుకులో పోయినవాళ్ల పుస్తకాలుంటాయి, అటకల మీద నుంచి దిగినవి. కిలో లెక్కన కొన్న రేటుకు రెండింతలిస్తామంటే కొట్టు వాళ్లకు లాభమే, మనకు ఇంకా లాభం. కొనేముందు వీపు దగ్గర వాసన చూసి, నడిమి పేజీలు తెరిచి దులపాలి. సన్నని పొడి రాలితే పురుగుంది. ఇంటికి తేగానే మిగతా పుస్తకాలతో కలపొద్దు.

ఫోన్ మీద ఆధారపడేవాళ్లు వాన రాకముందే దింపుకోవాలి. ఇంటర్నెట్ ఆర్కైవులో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్లు స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు చాలా ఉన్నాయి. వెతకడమే చిక్కు. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఇష్టమొచ్చినట్టు కొట్టి ఉంటాయి. దీర్ఘానికి ఒకచోట రెండు ‘ఏ’లు, ఇంకోచోట ఒకటే. సున్నా వచ్చిన చోట ‘ఎన్’ పక్కన పైకామా. అందుకని పూర్తి పేరు కొట్టకుండా పేరులో తేలిక మాట ఒక్కటి కొట్టి, రచయిత ఇంటిపేరు చేర్చండి. దింపేముందు ఆఖరి పేజీలు తిప్పి చూడండి, కొన్ని పుస్తకాలు మధ్యలో ఆగిపోతాయి. తెలుగు వికీసోర్సులోవి టైపు చేసినవి కాబట్టి తేలిక, బ్యాటరీ కూడా తక్కువ తింటాయి. కథలకు శ్రీకాకుళం కథానిలయం వాళ్ల సైటు. రచయిత పోయాక 60 ఏళ్లకు హక్కులు తీరిపోతాయి. మన పొలమూరు కథకుడు శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 1961లో పోయారు, ఆయన రచనలు 2022 జనవరి 1 నుంచి ఎవరైనా వేసుకోవచ్చు, దింపుకోవచ్చు.

లంకల్లో ఉండేవాళ్లకు ఇంకో పని ఉంది. జూన్‌లోనే ఒక చిన్న ట్రంకు పెట్టె సర్దిపెట్టుకోవాలి. నాలుగైదు పుస్తకాలు, అన్నీ నమిలేవే, ఇంతవరకు తెరవనివి. ఎండిన వేపాకు అడుగున, నాలుగు కలరా ఉండలు గుడ్డలో కట్టి మూలకు. పెట్టెను ముసురుకు ముందు తీయకూడదు, ఎవరెంత అడిగినా సరే. రెండో హెచ్చరిక 13.75 అడుగులకు ఇస్తారు, అప్పటికి మిగతా పుస్తకాలు కూడా అటకెక్కాలి. మూడోది 17.75 దగ్గర, అప్పుడు పుస్తకాల గురించి ఆలోచించే తీరిక ఉండదు.

అయినా కొన్ని తడుస్తాయి. తడిసిన పుస్తకాన్ని తెరవకండి, ఎండలో పెట్టకండి. బురద ఉంటే మూసి పట్టుకుని మంచినీళ్లలో ముంచి తీయండి. నీళ్లు ఓడ్చి, నిలబెట్టి, పది పదిహేను ఆకులకొక న్యూస్‌పేపరు ముక్క పెట్టి, ఫ్యాను గాలికి వదలండి. కరెంటు లేకపోతే వీధి అరుగు మీద నీడన. పేపరు ముక్కలు రెండు గంటలకోసారి మార్చాలి, లేకపోతే పీల్చిన తడిని అవే తిరిగి ఇస్తాయి. సగం ఆరాక బరువు కింద పెట్టాలి. బొమ్మలున్న నున్నటి ఆర్ట్ పేపరు పుస్తకానికి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. దాన్ని తడిగా ఉన్నప్పుడే ఆకు ఆకు విడదీసి మధ్యలో మైనపు కాగితం పెట్టాలి. ఒకసారి అతుక్కుని ఆరిందంటే ఇక అది ఇటుకే.